గోంగూర దావా

పక్కింటివాళ్ల కుక్క మా పెరట్లో గోంగూర మడిని మూడోసారి తవ్విపోసిన రోజున, ఇక కోర్టు మెట్లెక్కవలసిందేనని తీర్మానించుకున్నాను. మేముండేది అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రంలో. కుక్క తగాదాలకు ఇది పుట్టినిల్లు. 1869లో ఇక్కడి జాన్సన్ కౌంటీలో హార్న్స్‌బీ అనే రైతు, వందకు పైగా గొర్రెలు పోయిన కడుపుమంటతో, తన పొలంలో అడుగుపెట్టిన కుక్కను కాల్చి తీరుతానని ఒట్టు పెట్టుకున్నాడు. ఆ తూటాకు బలైంది బర్డెన్ అనే ఆసామి వేటకుక్క, పేరు ఓల్డ్ డ్రమ్. హార్న్స్‌బీ, బర్డెన్ ఇద్దరూ బావా బావమరుదులు. ఇంకేం కావాలి? యాభై డాలర్ల కోసం నాలుగు విచారణలు, ఆపైన రాష్ట్ర సుప్రీంకోర్టు. తీర్పు వచ్చేసరికి 1872.

కుక్కకే అంత పలికితే గోంగూరకు ఎంతో కొంత పలకదా? పెరటి మొక్కల కోసం పూర్వం ఎవరైనా దావా వేశారేమో చూద్దామని ఒక పల్లెటూరి కౌంటీలో పాత సివిల్ దస్త్రాల గదికి వెళ్లాను. గుమ్మం దగ్గరే పెన్ను తీసుకుని చేతిలో పెన్సిల్ పెట్టారు. నాడాతో కట్టిన కట్టలోంచి 1850ల నాటి కాగితం ఒకటి తీసి, మూడు మడతలూ విప్పాను. అన్నేళ్లు ముడుచుకుని పడుకున్నది ఒక్కసారిగా లేపితే ఊరుకుంటుందా? వేలు తీయగానే ఠపీమని ముడుచుకుంది. రెండు చేతులా పట్టుకుంటే రాసుకోవడానికి చెయ్యి లేదు. గడ్డంతో అదిమితే చదవడానికి కన్ను లేదు.

రాత చూస్తే మా తాతగారి ఊరి కరణంగారి గొలుసుకట్టుకు దగ్గరి చుట్టంలా ఉంది. కూడబలుక్కుని చదివితే మొదటి వరుసలోనే ‘మిఫ్సోరీ’ రాష్ట్రం! పాపం, గుమాస్తాగారికి ముందు పళ్లు లేవు కాబోలు అనుకున్నాను. పళ్లు లేకపోతే మాట తేడా రావాలి గానీ రాతకేమొచ్చిందన్న అనుమానం మాత్రం రాలేదు. తర్వాతి కాగితంలో ‘అఫ్సాల్ట్’ అని ఉంటే, ఏదో ఉప్పు బేరం తగాదా అని బుద్ధిగా నోటుపుస్తకంలోకి ఎక్కించాను.

గంట తర్వాత అక్కడి ఉద్యోగినిని, “ఈ ఉప్పు కేసు ఏమైందండీ?” అని అడిగాను. ఆవిడ కాగితం చూసింది, నన్ను చూసింది, నవ్వాపుకుంది. రెండు ‘ఎస్’లు పక్కపక్కన వస్తే మొదటిదాన్ని ఆ రోజుల్లో ‘ఎఫ్’లా సాగదీసి రాసేవారట. నా ఉప్పు కేసు ‘అసాల్ట్’ కేసు. అంటే ఒకణ్ని మరొకడు చితకబాదిన కేసు.

పందులు, కంచెలు, తీర్చని బాకీలు బోలెడు దొరికాయి. ఆకుకూర ఒక్కటీ లేదు.

తిరుగుదారిలో వారెన్స్‌బర్గ్ కోర్టు ఆవరణలో ఆగాను. ఓల్డ్ డ్రమ్‌కు 1958లో అక్కడ విగ్రహం కూడా పెట్టారు. బర్డెన్ తరఫు వకీలు జార్జ్ వెస్ట్ 1870లో కుక్క విశ్వాసాన్ని పొగుడుతూ ప్రసంగించి జ్యూరీని గెలుచుకున్నాడు, తర్వాత సెనేటరయ్యాడు. ఇప్పుడు దొరుకుతున్న సగం ప్రసంగంలో సాక్ష్యాల ఊసు లేదు, గొర్రెల ఊసు అంతకన్నా లేదు. గోంగూర తరఫున ఆ లోటు నేనే తీర్చాలని, దారి పొడవునా వాదన సిద్ధం చేసుకుంటూ ఇల్లు చేరాను.

వెనక గుమ్మంలో ముద్దాయి పెరుగన్నం తింటోంది. గిన్నె మాదే. పక్కనే కూర్చుని మా ఆవిడ, “ఇంకొంచెం పెట్టనా అమ్మా?” అంటోంది.