రెండు రేషన్ కార్డుల విండో

కొరాపుట్ జిల్లా కొటియా పల్లెల సంగతి సరిహద్దు తెలుగువాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. 1968లోనే సుప్రీంకోర్టు మెట్లెక్కిన తగాదా. ఊళ్లు మావంటే మావని ఒడిశా, ఆంధ్ర రెండు ప్రభుత్వాలు, మనిషికి చెరోవైపు రేషన్ కార్డు. పక్కనే ఇంతటి పాఠం ఉండగా, మన రాయగడ, బరంపురం కుర్రాళ్లు కొట్లకి పైథాన్ భాషలో బిల్లింగ్ విండో రాసేటప్పుడు మాత్రం ఆ విండో ఎవరి తాలూకో విచారించరు. ఇది తీవ్రంగా ఖండించదగ్గ విషయం.

పైథాన్‌లో విండోలు, బటన్లు చేసిపెట్టే పైక్యూట్ (PyQt) లైబ్రరీలో ప్రతి బటన్‌కీ రెండు కార్డులే. అసలు శాల్తీ సీ ప్లస్ ప్లస్ అనే మరో భాషలో ఉంటుంది. పైథాన్ చేతిలో ఉన్నది దాని మీది తొడుగు. ఫంక్షన్‌లో పేరెంట్ (దాన్ని తనలో పెట్టుకునే పై విండో) లేకుండా విండో తెరిచారా, ఫంక్షన్ ముగియగానే రిఫరెన్స్ కౌంట్, అంటే దాన్ని పట్టుకున్న పేర్ల లెక్క, సున్నా అవుతుంది, విండో అలా మెరిసి ఇలా మాయం. పేరెంట్ ఇచ్చారా, హక్కు అవతలి ప్రభుత్వానిది, అంటే సీ ప్లస్ ప్లస్‌ది. పేరెంట్ పోతే పిల్లలూ పోతారు, తొడుగు మాత్రం నిక్షేపంగా మిగులుతుంది. పోయినవాడి కార్డు మీద బియ్యం అడిగితే డీలరు చూసీచూడనట్టు ఇస్తాడేమో గాని, పైథాన్ ఇవ్వదు. 'ర్యాప్డ్ ఆబ్జెక్ట్ డిలీట్ అయింది' అని రన్‌టైమ్ ఎర్రర్ మొహాన కొడుతుంది. ఈ తొడుగులు కుట్టే సిప్ (sip)లో ఈజ్‌డిలీటెడ్ అని ఒక ఫంక్షన్ ఉంది, ముందే అడిగి తెలుసుకోవచ్చు. అడగడం మన ఇంటావంటా లేదు.

విండోలు చేసే ఇంకో లైబ్రరీ టికింటర్ మరీ మర్యాదస్తురాలు, నోరు విప్పదు. ఫంక్షన్‌లో ఫొటోఇమేజ్ చేసి లేబుల్‌కి తగిలించి బయటికొస్తే బొమ్మ ఉండాల్సిన చోటు ఖాళీ. లేబుల్ దగ్గరున్నది బొమ్మ పేరు మాత్రమే. బొమ్మని పట్టుకున్న వేరియబుల్ ఫంక్షన్‌తోపాటే పోయింది, పోతూపోతూ బొమ్మనీ చెరిపేసింది. లేబుల్.ఇమేజ్ = ఫొటో అని ఒక్క లైను చాలు. ఆ లైను తప్ప తక్కినవన్నీ జరుగుతాయి: పీఎన్‌జీని జిఫ్ చేస్తారు, పైథాన్ తీసేసి మళ్లీ ఎక్కిస్తారు, చివరికి కంప్యూటర్‌కి నిమ్మకాయ కడతారు.

డబ్ల్యుఎక్స్‌పైథాన్ అనే మూడో లైబ్రరీలో జబ్బు తిరగబడింది. అక్కడ డైలాగ్‌ని మీరు వదిలేసినా అది మిమ్మల్ని వదలదు, డిస్ట్రాయ్ పిలవాల్సిందే. విండోస్ ఒక్కో ప్రాసెస్‌కి మామూలుగా ఇచ్చేది 10,000 యూజర్ హ్యాండిళ్లు (తెరమీది వస్తువులకిచ్చే టోకెన్లు), బటన్‌కొకటి చొప్పున ఖర్చు. పండగ బేరాల రోజున అవి అయిపోతే కొత్త బిల్లు విండో తెరుచుకోదు.

ఇక సీటైప్స్ వీరులు, అంటే పైథాన్ నుంచి నేరుగా విండోస్‌నే పిలిచేవాళ్లు. విండో ప్రొసీజర్‌గా (మౌస్, కీ కదిలినప్పుడల్లా విండోస్ పిలిచే ఫంక్షన్‌గా) పైథాన్ ఫంక్షన్‌ని చుట్టి, చిరునామా విండోస్‌కి ఇచ్చి, చుట్టినదాన్ని ఏ వేరియబుల్‌లోనూ దాచుకోరు. పైథాన్ దాన్ని ఊడ్చేస్తుంది. విండోస్‌కి ఆ కబురు అందదు. ఒక్కోసారి కాసేపు నడుస్తుంది కూడా, అదే అసలు మోసం. తర్వాత ఎప్పుడో మౌస్ కదపగానే ట్రేస్‌బ్యాక్ (తప్పెక్కడో చెప్పే చీటీ) కూడా లేకుండా ప్రోగ్రాం మొత్తం కూలుతుంది. కదిపింది మౌసే కనక కొట్టు యజమాని మౌస్ మారుస్తాడు. మౌసులమ్మేవాళ్ల నుంచి మాత్రం ఇంతవరకూ ఒక్క ఫిర్యాదూ లేదు.