గోడ మందం

(రాజమండ్రిలో ఒక పెంకుటింటి వరండా. అక్కకి 72 ఏళ్లు, సైన్సు టీచరుగా రిటైరైంది. తమ్ముడికి 66, ఏ పనీ చెయ్యకుండానే రిటైరయ్యాడు.)

తమ్ముడు: అక్కా, కొంప మునిగింది. నా గోడలు మందమైపోయాయి!

అక్క: మంచిదేగా. మన పెద్దగది గోడ మూరెడు మందం, అందుకే వేసవిలో చల్లగా ఉంటుంది.

తమ్ముడు: ఇంటి గోడ కాదక్కా, మెడలో రక్తనాళం గోడ! ఏదో జిగురు పూసి స్కానింగ్ చేశారు. 0.9 మిల్లీమీటర్లట.

అక్క: మిల్లీమీటరు కూడా నిండలేదు, ఊరంతా వినబడేలా అరుస్తున్నావు. వాళ్లు కొలిచేది లోపలి రెండు పొరలే. వయసుతో అది ఎవరికైనా పెరుగుతుంది, ఏడాదికి మిల్లీమీటరులో సుమారు నూరోవంతు. నీకు కాస్త తొందర ఎక్కువైంది.

తమ్ముడు: ఎందుకైందో కనిపెట్టేశాను. విటమిన్ డి 14, బి12 160, మెగ్నీషియం 1.6. అన్నీ తక్కువే! అందుకని...

(సంచి బోర్లిస్తాడు. డబ్బాలు దొర్లుకుంటూ తులసికోట దాకా వెళ్తాయి.)

అక్క: మందుల షాపు పెడుతున్నావుట్రా?

తమ్ముడు: డి తక్కువున్నవాళ్లకి గోడ మందంగా ఉంటుందట. అంటే డి మింగితే పలచబడాలి. లెక్క సరిపోయిందా లేదా?

అక్క: కోడి కూస్తేనే తెల్లారుతుందనుకున్న ముసలమ్మ లెక్క నీది. ఎండ మొహం చూడకుండా, పడక్కుర్చీ దిగకుండా ఒళ్లు పెంచినవాడికి డీ తగ్గుతుంది, గోడా మందమవుతుంది. అమెరికాలో సుమారు 26 వేలమందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకి ఐదేళ్లపాటు రోజూ 2000 యూనిట్ల డి ఇచ్చారు, రెండోదానికి ఉత్తుత్తి మాత్ర. 2018లో లెక్క తేలింది. గుండెపోట్లూ పక్షవాతాలూ రెండు జట్లలోనూ ఇంచుమించు సమానమే.

తమ్ముడు: వాళ్లవి అమెరికా గోడలు. మనవి గోదావరి గోడలు.

అక్క: ఇసక తేడా అంటావు!

తమ్ముడు: అయితే అన్నీ పారెయ్యమంటావా?

అక్క: బి12 వేసుకో. గుడ్డు కూడా ముట్టవు, అదేమో కూరగాయల్లో దొరకదు. అరికాళ్లు తిమ్మిరంటున్నావుగా, దానికి పనికొస్తుంది. డి కూడా డాక్టరు చెప్పినట్టే, ఆ 60 వేల యూనిట్లది వారానికొకటి.

తమ్ముడు: వారానికా?

అక్క: ఏం, ఎన్ని మింగావు?

తమ్ముడు: సోమవారం ఒకటి. మంగళవారం ఒకటి. ఇవాళ...

అక్క: ఓరి నీ తొందర తగలెయ్య! అది ఎక్కువైతే రక్తంలో కాల్షియం పెరిగి కిడ్నీల మీద పడుతుంది. ముందు డాక్టరుకి ఫోన్ చెయ్యి. ఇంతకీ గోడకేం చెయ్యమన్నాడాయన?

తమ్ముడు: ఏవో అన్నాడు.

అక్క: ఏవో అంటే?

తమ్ముడు: బీపీ చూసుకోమన్నాడు. కొలెస్ట్రాల్ మాత్ర మానొద్దన్నాడు. ఆవకాయ... అదీ ఏదో అన్నాడు. ఆఖర్న ఇంకోటి చెప్పాడుగానీ, దగ్గొచ్చి వినబడలేదు.

అక్క: దగ్గెవరికొచ్చింది, ఆయనకా?

తమ్ముడు: నాకే.

అక్క: ఊఁ.

తమ్ముడు: పెరట్లో ఎండ బావుంది. డి కోసం ఓ పది నిమిషాలు నిలబడొస్తాను. మాత్ర కన్నా అదే నయం కదా?

అక్క: వెళ్లు నాయనా, నిలబడు. పొద్దున్నుంచీ దేవుడి దగ్గర అగ్గిపెట్టె కనబడ్డంలేదు. జేబులోంచి తీసి ఇక్కడ పెట్టి వెళ్లు.