ఇంచుమించు అంగుళం గారికి

మహారాజశ్రీ 1/2.3 అంగుళం గారి దివ్యసముఖానికి,

ఉభయకుశలోపరి. తమరు క్షేమమేనని కెమెరా పెట్టె మీద సెన్సర్ (అంటే లోపల బొమ్మ పడే చిప్పు) కొలతగా వేసిన తమరి అచ్చు చూస్తేనే తెలుస్తోంది. నేను మాత్రం ఈ ఆదివారం మధ్యాహ్నమంతా మా పాప జామెట్రీ పెట్టెలోని స్కేలు, ఒక కాలిక్యులేటరు, తమరి వివరాల కాగితం ముందేసుకుని కూర్చున్నాను. అన్నం చల్లారిపోయింది. ఇంట్లో నాతో మాటలు ఆగిపోయాయి. ఇక తమరితోనే మాట్లాడదామని ఈ లేఖ.

గురువారం మా అక్క కూతురి పెళ్లి. మేనమామను కనుక బుట్ట మోసే వంతు నాది. బుట్ట దించి, చెమట తుడుచుకుని, జేబులోంచి కెమెరా తీసేసరికి మండపం చుట్టూ వీడియో వాళ్లు కోట కట్టేశారు. లైట్లు వాళ్లవి, పెళ్లికూతురు వాళ్లది, మాకు మిగిలినవి వాళ్ల వీపులు. ఫరవాలేదు, మనకు ముప్పై రెట్ల జూమ్ ఉందనుకుని వెనక వరుసలో కుర్చీ ఎక్కాను. జీలకర్ర బెల్లం పెట్టారు, అడ్డుతెర దించారు, పిల్ల కళ్లెత్తింది. నొక్కాను. ‘ఎవరూ ఫోన్లు తీయకండి, నేను కొత్త కెమెరా కొన్నాను’ అని వారం ముందు నుంచీ బంధువులందరికీ చెప్పి ఉన్నాను. ఆ మాట తమరు గుర్తుంచుకోవాలి.

మర్నాడు అక్క ఆ ఫొటోను టీవీలో పెట్టించుకుని చాలాసేపు చూసింది. “ఒరేయ్, పిల్ల మొహానికి బొంబాయి రవ్వ పూశావేమిటిరా?” అంది. అప్పటికే మా అన్నయ్య కొడుకు, ఇంటర్ చదివే కుర్రాడు, నా మాట వినకుండా ఫోనుతో తీసిన ఫొటోను అందరికీ పంపేశాడు. అందులో తల మీది తమలపాకు ఈనెలు కూడా లెక్కపెట్టుకోవచ్చు. “బాబాయ్, నీ కెమెరా సెన్సర్ నా ఫోనులో ఉన్నదాని కన్నా చిన్నది” అన్నాడు, ఎంతో మర్యాదగా. ఆ మర్యాదే నన్ను స్కేలు దాకా తీసుకొచ్చింది.

తమరిని కొన్న రోజు దుకాణంలో ఏం జరిగిందో కూడా ఒప్పుకుంటాను. పక్కనే మరో కెమెరా ఉంది, దాని మీద 1/1.7 అని రాసి ఉంది. కౌంటరు కుర్రవాడు రెండూ పక్కపక్కన పెట్టి, “సార్, అది 1.7, ఇది 2.3. ఇదే పెద్దది” అన్నాడు. నేను తలూపాను. డిగ్రీలో లెక్కలు చదివినవాణ్ణి, తలూపాను. కింది అంకె పెరిగితే భిన్నం తగ్గుతుందని ఐదో తరగతి పిల్లలకు తెలుసు. కానీ భిన్నం కింద దశాంశం పెడితే బుర్ర ఆగిపోతుందని తమరిని కనిపెట్టినవారికి తెలుసు. మా లెక్కల మాస్టారి దగ్గర అలా రాసి ఉంటే తొడపాశం తప్పేది కాదు.

సరే, ఇప్పుడు తమరి కొలత చూద్దాం. అంగుళానికి 25.4 మిల్లీమీటర్లు. దాన్ని 2.3తో భాగిస్తే 11 చిల్లర. కనుక సెన్సర్ మూల నుంచి మూలకు 11 మిల్లీమీటర్లు ఉండాలి. ఉన్నది 7.7. వెడల్పు 6.17, ఎత్తు 4.55. ఇంచుమించు కందిబద్దంత. ఆ కందిబద్ద మీద రెండు కోట్ల పిక్సెళ్లను కూర్చోబెట్టి, ఫంక్షన్ హాలు వెలుతురులో ఒక్కొక్కదానికీ ఇంత కాంతి పంచమంటే, పంక్తి చివర కూర్చున్నవాడికి పులుసు అందినట్టే. ఆ ఆకలి కేకలే అక్కకు కనిపించిన రవ్వ.

మరి మిగతా 3.3 మిల్లీమీటర్లు ఎక్కడికి పోయాయి? దీనికోసమే మధ్యాహ్నం పోయింది. 1950లలో టీవీ కెమెరాల్లో విడికాన్ అనే గాజు గొట్టం వాడేవారట. అంగుళం గొట్టం అంటే గాజు బయటి వ్యాసం అంగుళం. బొమ్మ పడే చోటు లోపల 16 మిల్లీమీటర్లే. గొట్టాలు పోయి చిప్పులు వచ్చాయి. కొలత మాత్రం గొట్టందే ఉండిపోయింది.

అయ్యా, మేము ఫ్లాట్లు కొన్నవాళ్లం. 1,200 చదరపు అడుగులని సంతకం పెట్టి, లోపలికి వెళ్లి టేపు పరిస్తే 900 రావడం మాకు కొత్త కాదు. మిగతాది మెట్లు, లిఫ్టు, వరండా, గోడల మందం అని బిల్డరు చెబుతాడు. తిట్టుకుంటాం, కట్టేస్తాం. కానీ ఆ మెట్లు మేము ఎక్కుతాం. ఆ గోడకు మేకు కొట్టి క్యాలెండరు తగిలిస్తాం. నీ గోడ ఎక్కడుంది? నీ గాజు ఎక్కడుంది? ఎప్పుడో పగిలిపోయిన గొట్టం మందాన్ని ఈనాటికీ కొలతలో కలిపి మాకు అంటగడుతున్నావు. పూలమ్మే ఆమె మూర కాస్త పొట్టిదే కావచ్చు, కానీ ఆ చెయ్యి మా కళ్లెదుట ఉంటుంది. బేరమాడి ఇంకో జానెడు అడుగుతాం. నిన్ను ఎవరిని అడగాలి?

(క్షమించాలి, ఏకవచనంలోకి జారాను. దిద్దుదామనుకుని ఊరుకున్నాను.)

పోనీ, అబద్ధమైనా ఒక్క తీరుగా చెబుతావా అంటే అదీ లేదు. ‘1 అంగుళం’ అని రాసే ఖరీదైన కెమెరాలో సెన్సర్ మూల నుంచి మూలకు 15.9 మిల్లీమీటర్లు. నీ 7.7ను 2.3తో గుణిస్తే 17.7 వస్తుంది. అంటే నీ అంగుళం 25.4 కాదు సరికదా, మనిషిని బట్టి మారుతుంది కూడా. ఇంకా ఘోరం, అదే కాగితంలో నాలుగు వరుసల కింద ‘తెర 3 అంగుళాలు’ అని ఉంది. మూల నుంచి మూలకు స్కేలు పెట్టాను. కచ్చితంగా 76 మిల్లీమీటర్లు! ఒకే కాగితంలో, ఒకే అచ్చులో, పక్కపక్కనే ఒక నిజమైన అంగుళం, ఒక దొంగ అంగుళం. మా భాషలో అంగుళం అంటే వేలి వెడల్పు. చిటికెన వేలు పెట్టి కొలిచినా నీకన్నా నిజాయితీగా వచ్చేది.

నీ కాగితంలోని తోటి పెద్దలూ తక్కువవారు కారు. తెరకు 10,40,000 చుక్కలట. ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ కలిస్తేనే ఒక పిక్సెల్ అని మాత్రం చెప్పరు. మూడో వంతు చేస్తే మూడున్నర లక్షలు కూడా లేవు. కటకం చుట్టూ జూమ్ కొలత (నాభ్యంతరం) 4.3-129 అని చెక్కి ఉంటే పెట్టె మీద 24-720 అని ఉంది, రెండూ మిల్లీమీటర్లే. పాత 35 ఎంఎం ఫిల్ముతో పోల్చి చెప్పారట. పోల్చడానికి మాత్రం ఫిల్ము గుర్తుంటుంది, దాని బొమ్మ 36 మిల్లీమీటర్ల వెడల్పని గుర్తుండదు. కటకం ఎంత తెరుచుకుంటుందో చెప్పేది ఎఫ్ అంకె, అది పెరిగితే కన్నం చిన్నదవుతుంది. జూమ్ చివరికి వెళ్తే ఆ ఎఫ్ 3.3 కాస్తా 6.4 అవుతుంది, వచ్చే కాంతి దాదాపు నాలుగో వంతుకు పడిపోతుంది. ఆ 6.4ను ఎంత చిన్న అక్షరాల్లో వేశారంటే, ఆ అక్షరాలను చూడటానికి కూడా జూమ్ కావాలి. డిజిటల్ జూమ్ గారి గురించి రాయను. ఉన్న బొమ్మను కోసి సాగదీయడం మా ఇంట్లో అప్పడాల పిండికి కూడా చేస్తాం.

ఇక్కడిదాకా రాసేసరికి కరెంటు పోయింది. కోపంతో కెమెరా పట్టుకునే మేడ మీదికి వెళ్లాను. అమ్మ అప్పటికే చాప వేసుకుని కూర్చుంది. మరో మూడు నాలుగు రోజుల్లో పౌర్ణమి. ఏం చేయాలో తోచక పిట్టగోడ మీద కెమెరా ఆనించి, జూమ్ చివరిదాకా లాగి, చంద్రుడి మీద నొక్కాను. ఎంతైనా చంద్రుడి మీద ఎండ కాస్తోంది, వెలుతురు చాలకపోతే కెమెరా పెంచుకునే ఐఎస్ఓ అంకె 80 దగ్గరే ఆగింది. నీ కందిబద్ద మీద ఆ చందమామ ఆవగింజంత పడి ఉంటాడు, మిల్లీమీటరు చిల్లర. అయినా తెర మీద అంచున గుంటలు, వాటి నీడలు, ఒక్కొక్కటీ గీసినట్టు కనిపించాయి. రవ్వ లేదు. అన్నయ్య కొడుకు ఫోనుతో ప్రయత్నించాడు. తెల్లటి బొట్టుబిళ్ల వచ్చింది. వాడికి చూపించాను. కాస్త ఎక్కువసేపే చూపించాను.

అమ్మకిచ్చాను. కళ్లజోడు సవరించుకుని, దూరంగా, దగ్గరగా పెట్టుకుని చూసింది. “ఇన్ని గుంటలేమిటిరా? కుందేలేది?” అంది. నల్లటి మరకను చూపించాను. అక్కడ వేలు పెట్టింది. చందమామ మొత్తం ఆ వేలి కింద దాగిపోయాడు.

కరెంటు వచ్చాక తెర మీది చందమామకు స్కేలు పెట్టాను. దాదాపు 11 మిల్లీమీటర్లు.

బాకీ తీరిందనుకోవద్దు. పెళ్లి ఫొటో ఇంకా అలాగే ఉంది.

ఇట్లు,
తమరి 3.3 మిల్లీమీటర్ల కోసం ఎదురుచూస్తున్న
పెళ్లికూతురి మేనమామ