తాతయ్య గొంతులో మామ్మ పాట

డెక్కులో కేసెట్టు పెట్టి ప్లే నొక్కగానే మామ్మ పాడిన లలితగీతం మగగొంతుతో వచ్చింది. మామూలు మగగొంతు కూడా కాదు, భోజనమయ్యాక రెండు నిద్రమాత్రలు మింగి కూర్చున్న మనిషి గొంతు. పల్లవి మొదటి పాదం పూర్తయ్యేలోగా తాతయ్య లోపలికెళ్ళి, కళ్ళజోడు వెతుక్కుని, తుడుచుకుని వచ్చేశారు.

"ఇదెవరండీ పాడుతున్నది? మీరా?"

"నేనెందుకు పాడతానే? నేను కీబోర్డు వాయించాను."

"మరి కీబోర్డు వినపడదేం?"

"అదే నాకూ అంతుపట్టడం లేదు. తబలా కూడా లేదు."

"ముందు ఆ తబలా సంగతి చూడండి" అంది మామ్మ. కీబోర్డు లేకపోవడం ఆవిడకు పెద్ద లోటుగా తోచినట్టు లేదు.

మనవడు సెలవులకొస్తూ లాప్‌టాప్ మోసుకొచ్చింది ఈ కేసెట్టు కోసమే. దుబాయి నుంచి బంధువొకరు తెచ్చిన నాలుగు ట్రాకుల రికార్డర్ మీద, 1980ల్లో, కాకినాడ ఇంటి ముందుగదిలో, కిటికీలకు దుప్పట్లు కట్టి చేసిన రికార్డింగు అది. ఆ రికార్డర్ ఇప్పుడు తిరగదు. లోపలి రబ్బరు బెల్టు కరిగి జిగురై పుల్లీకి అంటుకుపోయింది. అందుకని అటక మీదున్న మామూలు స్టీరియో డెక్కు దింపి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కాటన్ బడ్ ముంచి హెడ్ తుడిచి, టేపు పెట్టారు. చిక్కంతా అక్కడే వచ్చింది.

కేసెట్టు టేపు వెడల్పు 4 మిల్లీమీటర్లకు కాస్త తక్కువ. ఆ వెడల్పులో నాలుగు సన్నటి ట్రాకులు, అంటే ధ్వని ఎక్కే చారలు, ఉంటాయి. మామూలు డెక్కు ఒక వైపు రెండు చదువుతుంది, తిప్పి పెడితే మిగతా రెండూ చదువుతుంది. 1979లో టియాక్ సంస్థ పోర్టాస్టూడియో 144 అనే రికార్డర్ తెచ్చి ఈ లెక్క మార్చింది. నాలుగు ట్రాకులూ ఒకే దిశలో నడుస్తాయి, దేన్ని ఎప్పుడు కావాలంటే అప్పుడు నింపుకోవచ్చు. ఇవాళ తబలా, రేపు పాట, ఎల్లుండి తీరిగ్గా కీబోర్డు. అలా నింపిన కేసెట్టుకు రెండో వైపంటూ ఉండదు. పైగా నాణ్యత కోసం, సెకనుకు 4.76 సెంటీమీటర్లు నడవాల్సిన టేపును చాలా యంత్రాలు 9.5 సెంటీమీటర్లు నడిపించేవి. 60 నిమిషాల కేసెట్టు మీద అప్పుడు పట్టేది 15 నిమిషాలే. దాన్ని మామూలు డెక్కులో వేస్తే సగం వేగంతో నడిచి, శ్రుతి సరిగ్గా ఒక స్థాయి కిందికి దిగుతుంది. మామ్మకు మగగొంతు వచ్చింది అందుకే.

కేసెట్టు అట్ట మీద తాతయ్య చేతిరాత ఉంది: 1 గాత్రం, 2 తంబురా, 3 తబలా, 4 కీబోర్డు. నాలుగో దాని కింద మాత్రం రెండు గీతలు. ఓ మూల చిన్న అక్షరాలతో 'డీబీఎక్స్ ఆఫ్'. ఆ మూలనున్న మాటకు మనవడు చెంపలేసుకుని దణ్ణం పెట్టాల్సింది. డీబీఎక్స్ అంటే టేపు బుస తగ్గించడానికి ధ్వనిని నొక్కిపెట్టి రికార్డు చేసి, వినేటప్పుడు మళ్ళీ విప్పే పద్ధతి. విప్పే సర్క్యూట్ మామూలు డెక్కులో ఉండదు. అది ఆన్‌లో పెట్టి చేసిన టేపైతే చెవిలో గీసుకునే ధ్వని, వెనక బుస పొంగుతూ తగ్గుతూ ఉండేవి. అప్పుడిక నాలుగు ట్రాకుల యంత్రాన్నే బాగుచేయించుకోవాలి, వేరే దారి లేదు.

"అదంతా కంప్యూటర్‌లో సరిచేద్దాం తాతయ్యా" అన్నాడు మనవడు. ధ్వనిని రికార్డు చేసి దిద్దే సాఫ్ట్‌వేర్ ఆడాసిటీ. 1999లో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో మొదలైంది, పైసా ఖర్చు లేదు. డెక్కు వెనక లైన్ అవుట్‌కున్న ఎర్ర, తెల్ల సాకెట్ల నుంచి ఒక కేబుల్ తెచ్చి లాప్‌టాప్‌కున్న ఒకే ఒక్క చెవి రంధ్రంలో దూర్చాడు. ఇంట్లోవాళ్ళకు వినపడాలని డెక్కు హెడ్‌ఫోన్ సాకెట్‌కు చిన్న స్పీకరు తగిలించాడు. తెర మీద నీలం గీతలు కదిలాయి. అందరూ సంతోషించారు. టేపు అరగంట నడిచింది.

తర్వాత విని చూస్తే మూడు కుక్కర్ కూతలు, పెరుగు అమ్మే ఆవిడ కేక, "పప్పులో ఉప్పు వేశావా అసలు?" అన్న తాతయ్య ప్రశ్న, దానికి మామ్మ చెప్పిన, ఇక్కడ రాయకూడని జవాబు స్టూడియో నాణ్యతతో రికార్డయ్యాయి. పాట ఎక్కడో దూరంగా ఉంది. తంబురా అసలు లేదు.

లాప్‌టాప్ తప్పేమీ చేయలేదు. ఇప్పటి లాప్‌టాప్‌కుండే ఆ రంధ్రం హెడ్‌సెట్ కోసం. అందులో మైకు తీగ కలిసేది పిన్ను మీది నాలుగో కొసకు. డెక్కు కేబుల్ పిన్నుకు ఉండేవి మూడే. దాంతో లాప్‌టాప్ 'ఓహో, హెడ్‌ఫోన్ పెట్టారు' అనుకుని, వినడానికి మాత్రం తన సొంత మైకునే వాడుకుంది. పైగా ఆ మైకుకు మాటలు స్పష్టంగా వినిపించే ఏర్పాటు ఒకటుంటుంది. మనిషి మాటను కాపాడి, ఎడతెగకుండా ఒకేలా మోగేదాన్ని తీసేయడం దాని పని. తంబురా పని ఎడతెగకుండా ఒకేలా మోగడం. దాని లెక్కలో తంబురా సీలింగ్ ఫ్యాను కులస్థురాలు.

దీనికి కావలసింది డెక్కు ధ్వనిని లాప్‌టాప్‌కు చేర్చే, రెండు లైన్ ఇన్‌పుట్లున్న చిన్న యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్. అది తగిలించాక ఆడాసిటీ ఆడియో సెటప్‌లో రికార్డింగ్ డివైస్‌గా దాన్నే ఎంచుకోవాలి, చానళ్ళు స్టీరియో పెట్టాలి, విండోస్ సౌండ్ సెట్టింగుల్లో ఎన్‌హాన్స్‌మెంట్లు (ధ్వనికి మెరుగులు దిద్దే ఏర్పాట్లు) ఆపేయాలి. నమ్మకం కుదరకపోతే లాప్‌టాప్ మీద గోటితో తట్టి చూడండి. మీటరు ఎగిరిపడిందా, ఇంకా సొంత మైకే వింటోందన్నమాట. లెవెల్ −12, −6 డెసిబెళ్ళ మధ్య శిఖరాలు తగిలేలా ఉంటే చాలు. సున్నా తాకి తలలు తెగిన ధ్వనిని ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా అతికించలేదు. 'గుయ్' మని 50 హెర్ట్జ్ మోత వస్తుంటే చార్జర్ పీకేసి బ్యాటరీ మీద నడపండి, చాలాసార్లు పోతుంది.

"అంతా సిద్ధం తాతయ్యా, రికార్డు నొక్కండి."

తాతయ్య వేలు సరాసరి డెక్కు మీది ఎర్ర మీట మీదికి వెళ్ళింది.

మనవడు కెవ్వుమన్నాడు. మీట మాత్రం దిగలేదు. కేసెట్టు పైఅంచున ఉండే రెండు ప్లాస్టిక్ రెక్కల్నీ ముందురోజు రాత్రే స్క్రూడ్రైవర్‌తో విరిచి ఉంచడం మంచిదైంది. ఒక్కో రెక్క ఒక్కో వైపుకు కాపలా. నాలుగు ట్రాకుల కేసెట్టుకు రెండూ విరవాల్సిందే, లేదంటే తిప్పి పెట్టినప్పుడు పొరపాటున రికార్డు నొక్కితే మూడూ నాలుగూ చెరిగిపోతాయి.

"అంటే నా కీబోర్డా?" అన్నారు తాతయ్య, వేలు వెనక్కి లాక్కుంటూ.

"మళ్ళీ అతికించొచ్చా ఆ రెక్క?" అని అడిగింది మామ్మ.

మొదటి వైపు శుభ్రంగా ఎక్కింది. ఎక్కించాక వేగం పెంచే పని తాతయ్య తీసుకున్నారు. ఎఫెక్ట్ మెనూలో 'చేంజ్ టెంపో' కనపడింది. టెంపో అంటే వేగమే కదా, నూరు శాతం పెంచారు. అదే మగాయన, ఈసారి బస్సు తప్పిపోతుందన్న కంగారులో పాడటం మొదలుపెట్టాడు.

"ఈయన్ని ముందు బయటికి పంపించెయ్యరా" అంది మామ్మ.

చేంజ్ టెంపో శ్రుతిని ముట్టుకోదు, నడకను మాత్రమే మారుస్తుంది. చేంజ్ పిచ్ శ్రుతిని మార్చి నడకను వదిలేస్తుంది. టేపు నిజంగా వేగంగా తిరిగినట్టు రెండూ కలిసి మారాలంటే 'చేంజ్ స్పీడ్ అండ్ పిచ్' వాడాలి, గుణకం 2.000. ఇంతకన్నా మంచి ఉపాయం ఇంకొకటుంది. 44,100 హెర్ట్జ్ రేటుతో (సెకనుకు అన్నిసార్లు ధ్వనిని కొలుస్తూ) రికార్డు చేసిన ట్రాకు పేరు దగ్గరి మెనూలో రేట్ 88,200 అని మార్చేస్తే చాలు. లెక్కలు కట్టే పనే లేదు, తక్షణం రెట్టింపు వేగం. సగం వేగంతో ఎక్కించడంలో నష్టపోయేది పైస్థాయి కాదు, కిందిస్థాయి. డెక్కు 40 హెర్ట్జ్ దగ్గర చేతులెత్తేస్తే, వేగం పెంచాక అది 80 అవుతుంది. తబలా జోడీలోని డగ్గా మోతలో కొంత అక్కడే పోతుంది.

రేటు మార్చి ప్లే నొక్కగానే మామ్మ గొంతు వచ్చింది, నలభై ఏళ్ళ కిందటిది. తాతయ్య "ఊఁ" అన్నారు. మామ్మ పైట సర్దుకుని కుర్చీ ముందుకు జరుపుకుంది. వెనక్కి జరుపుకునే దాకా ఎవరూ మాట్లాడలేదు.

ఇక రెండో వైపు. తిప్పి పెట్టి ప్లే నొక్కితే బుస. పది నిమిషాలైనా బుసే. "చెరిగిపోయిందిరా, అంతా చెరిగిపోయింది" అని తాతయ్య పడక్కుర్చీలో కూలబడ్డారు. చెరగలేదు. పాట 5 నిమిషాలది, మొదటి వైపు మొదట్లో ఉంది. సగం వేగంలో 10 నిమిషాలు. తిప్పినప్పుడు మొదలు చివరవుతుంది కాబట్టి, 30 నిమిషాల్లో 20 నిమిషాలు ఖాళీ టేపు నడిచాకే పాట వస్తుంది, వచ్చినా తోకతో మొదలై తలతో ముగుస్తుంది. అన్నట్టే వచ్చింది. తబలా మోత సున్నా నుంచి పెరిగి పెరిగి, దెబ్బ దగ్గర టక్కున ఆగిపోతోంది. పక్కనే కీబోర్డు.

"అదిగో! నా కీబోర్డు!"

"అది తిరగబడి వస్తోంది తాతయ్యా."

"అప్పుడూ ఇలాగే వాయించారుగా" అంది మామ్మ.

ఎక్కించాక ఎఫెక్ట్ మెనూలో 'రివర్స్' ఒక్కసారి నొక్కితే తిన్నగా అవుతుంది. ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి: రెండో వైపు ఎడమ చానల్‌లో వచ్చేది నాలుగో ట్రాకు, కుడిలో వచ్చేది మూడోది. వరుస తారుమారు. రెండు స్టీరియో ట్రాకుల్నీ 'స్ప్లిట్ స్టీరియో టు మోనో' తో విడగొట్టి వెంటనే పేర్లు పెట్టేసుకోవాలి.

నాలుగూ ఒకదాని కింద ఒకటి పేర్చి వినిపిస్తే మొదట్లో అంతా సవ్యంగానే ఉంది. చరణం కొచ్చేసరికి తబలా ఒక అడుగు వెనక పడింది. తాతయ్య వెంటనే తబలా వాయించినాయన స్వభావం గురించి చెప్పడం మొదలుపెట్టారు. ఆయన దోషం కాదు. డెక్కు రెండుసార్లు ఒకే వేగంతో తిరగదు. వెయ్యిలో ఒక వంతు తేడా ఉన్నా 300 సెకన్ల పాటలో అది 0.3 సెకను, చెవికి స్పష్టంగా తెలుస్తుంది. సరిచేయడానికి ఆధారం గాత్రం ట్రాకులోనే ఉంది. పాడేటప్పుడు మామ్మ చెవులకున్న హెడ్‌ఫోన్ నుంచి తబలా కొద్దిగా కారి మైకులో పడింది. పాదానికీ పాదానికీ మధ్య విరామంలో ధ్వని పెంచి వింటే సన్నగా వినపడుతుంది. మొదట్లో ఒక దెబ్బ, చివర్లో ఒక దెబ్బ పట్టుకుని రెండు ట్రాకుల్లోనూ వాటి మధ్య దూరం కొలవాలి. గాత్రంలో 300.0 సెకన్లు, తబలాలో 300.3 వస్తే, తబలానూ కీబోర్డునూ కలిపి చేంజ్ స్పీడ్‌లో 0.1 శాతం పెంచి, మొదటి దెబ్బలు రెండూ ఒకదాని కింద ఒకటి ఉండేలా జరపాలి. అయినా మధ్యలో ఎక్కడో కాస్త అటూ ఇటూ ఊగుతుంది. అక్కడ తబలా ట్రాకును నిశ్శబ్దం ఉన్నచోట కోసి, ముక్కను చేత్తో జరుపుకోవడమే. ఓపిక పని. మనవడు అది చేస్తుండగా తాతయ్య కునుకు తీశారు, మామ్మ మాత్రం పక్కనే కూర్చుని తెర వంకే చూసింది.

"ఈ నాలుగో వరుస ఏంట్రా?"

"తాతయ్య కీబోర్డు మామ్మా."

"దాని పక్కన ఏదో మీట ఉందే."

"మ్యూట్. నొక్కితే అదొక్కటీ వినపడదు."

మనవడు కాఫీ తాగడానికి లేచాడు. వచ్చాక ఫైల్ మెనూలో ఎక్స్‌పోర్ట్ ఆడియో నొక్కి, భద్రపరచుకోవడానికి వేవ్, బంధువులకు ఎంపీ3 చేశాడు. ప్రాజెక్టు ఫైలు ఎవరికి పంపినా ఉపయోగం లేదు, అది ఆడాసిటీలో తప్ప తెరుచుకోదు. ఎంపీ3 ఇంటి పేరుతో ఉన్న వాట్సాప్ గ్రూపులోకి వెళ్ళింది. పది నిమిషాల్లో దుబాయి నుంచీ డల్లాస్ నుంచీ దండాలు, పూలు, 'పిన్నీ ఏం గొంతు' లు వచ్చిపడ్డాయి. ఆ చప్పుడుకు తాతయ్య లేచి, కళ్ళజోడు పెట్టుకుని, మొదటినుంచి చివరిదాకా విన్నారు. మళ్ళీ విన్నారు.

"ఒరేయ్, నా కీబోర్డేదిరా?"

మనవడు తెర వంక చూశాడు. నాలుగో వరుస బూడిదరంగులో ఉంది. మ్యూట్ చేసిన ట్రాకును ఆడాసిటీ ఎక్స్‌పోర్ట్‌లో కలపదు. అదీ విడమరిచి చెప్పాడు.

"మంచి సాఫ్ట్‌వేరే" అంది మామ్మ. "ఎంతట?"

"చెప్పానుగా మామ్మా, ఉచితం."

"డబ్బులిచ్చినా తప్పులేదు" అంది మామ్మ.