డబ్బు కట్టి చేసే లస్కరు ఉద్యోగం

జలవనరుల శాఖ పెద్దలకు సవినయంగా ఒక ప్రతిపాదన. కాలువల మీద తూములూ తలుపులూ చూసుకునే లస్కర్లు చాలడం లేదని పత్రికల్లో చదువుతూనే ఉంటాం. ఇక ఆ దిగులు అక్కర్లేదు. లస్కరు పనికి జీతం ఇవ్వనవసరం లేదని, చేసేవాడి దగ్గరే రుసుము వసూలు చేయవచ్చని మొన్న వేసవిలో ఇంగ్లండులో కళ్ళారా చూసి, చేతులారా చేసి వచ్చాను. బొబ్బలు ఇంకా మానలేదు.

మా అల్లుడు వారం రోజులకు ఒక నారోబోటు అద్దెకు తీసుకుని, అందులో ఒక రోజు హాయిగా గడుపుదురుగాని రమ్మని మా ఇద్దరినీ పిలిచాడు. పేరుకు తగ్గట్టే ఇరుకు పడవ. వెడల్పు ఏడడుగులకు రెండంగుళాలు తక్కువ. అది దూరవలసిన లాకు, అంటే నీళ్ళు నింపి పడవను పైకెత్తే తలుపుల తొట్టి, వెడల్పు ఏడడుగులు. చుక్కాని పిడిని ఎడమకు తోస్తే పడవ కుడికి పోతుంది. సంసారంలో ముప్పై ఏళ్ళ అనుభవం ఉన్నవాణ్ణి కనుక ఈ సూత్రం నాకు వెంటనే వంటబట్టింది.

వూస్టర్ నుంచి బర్మింగ్‌హామ్ వెళ్ళే ఆ కాలువ 1815లో పూర్తయింది. టార్డెబిగ్ అనే పల్లె దగ్గర ఎత్తు అడ్డం వస్తే, రెండుంపావు మైళ్ళ దూరంలో ముప్పై లాకులు మెట్లలా కట్టి, పడవలను 220 అడుగులు పైకెక్కించారు. ఆ ముప్పై మెట్లూ మా విశ్రాంతి దినానికే వచ్చిపడ్డాయి.

“మామయ్యగారూ, మీరు ఊరికే కూర్చోండి, అన్నీ మేం చూసుకుంటాం” అన్నాడు అల్లుడు. రెండో లాకు దగ్గర నా చేతిలో వంకర ఇనుప పిడి ఒకటి పెట్టాడు. దాన్ని పళ్ళచక్రానికి తగిలించి తిప్పితే, నీటి అడుగున తూము పలక టకటకమంటూ లేస్తుంది. నీళ్ళు సుడులు తిరుగుతూ తొట్టి నింపుతాయి. లోపల, బయట నీటిమట్టం సమానమయ్యేదాకా తలుపు కదలదు. అయ్యాక కూడా ఊరికే కదలదు. తలుపుకు అమర్చిన పొడవాటి దూలానికి నడుము ఆనించి, నేలలో పొడుచుకొచ్చిన ఇటుక వరసకు కాళ్ళు తన్నిపెట్టి, వెనక్కి నడవాలి. అక్కడివాళ్ళు ఆ భంగిమలో ఆకాశం చూసి చిరునవ్వు నవ్వుతారు. నాకు నవ్వు రాలేదు.

గంటకు నాలుగు మైళ్ళు మించరాదని నిబంధన ఉంది. మించడం ఎలాగో నాకు అర్థం కాలేదు. ఆరో లాకు దగ్గర కుక్కతో ఒక పెద్దావిడ మమ్మల్ని దాటి వెళ్ళింది. పదకొండో లాకు దగ్గర రొట్టెలు కొనుక్కుని ఎదురొచ్చింది. సాయంత్రం కుక్కను మళ్ళీ షికారుకు తెచ్చినప్పుడు మేం ఇరవై మూడో లాకులో ఉన్నాం. కుక్క మమ్మల్ని గుర్తుపట్టి తోకాడించింది.

ఎదురుపడ్డ పడవల్లో చాలావాటిది ఒకటే ఏర్పాటు. టోపీ పెట్టుకున్న భర్త టీ కప్పుతో చుక్కాని దగ్గర నిలబడి ఉంటాడు, భార్య గట్టు మీద తలుపులు తోస్తూ ఉంటుంది. పాశ్చాత్య సమానత్వం మీద నాకున్న అనుమానాలన్నీ పటాపంచలయ్యాయి.

ఒకప్పుడు సరుకు పడవల వాళ్ళు వెనక చిన్న గదిలో పిల్లాపాపలతో కాపురం చేస్తూ, కూలికి చేసిన పని ఇది. ఇప్పుడు కూలి ఎదురిచ్చి చేస్తున్నారు. 2012 నుంచి ఆ కాలువలను చూస్తున్న ధర్మకర్తృత్వ సంస్థకు లాకుల దగ్గర జీతం లేకుండా పనిచేసే స్వచ్ఛంద సేవకులు కూడా ఉన్నారు. మనం బదిలీలు, పదోన్నతులు అంటూ అనవసరంగా అవస్థ పడుతున్నాం.

మా ఆవిడది కోనసీమ. “ధవళేశ్వరం ఆనకట్ట కాలువల మీద మా తాతగారు పడవలో ఊళ్ళు తిరిగేవారు. తలుపు తోయమని ఆయన్ను ఒక్క లస్కరూ అడగలేదు” అంది, పడవ ముందు భాగంలో కూర్చుని బఠాణీలు నములుతూ. అప్పటి పాలకుల ముందుచూపు లేనితనానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

కనుక నా మనవి. గోదావరి డెల్టా లాకులను వెంటనే విహార కేంద్రాలుగా ప్రకటించాలి. తలుపు తెరవడానికి ఒక ధర, మూయడానికి ఒక ధర. పళ్ళచక్రాలకు గ్రీజు పూయడం పిల్లలకు సగం ధరకే. కాలువలో గుర్రపుడెక్క కలుపు తీయదలచిన వారు ముందుగా పేరు నమోదు చేయించుకోవాలి, దానికి అదనపు రుసుము ఉంటుంది.

ఇది చదివి మా ఆవిడ సంతోషించింది. మొదటి టికెట్టు నా పేరున తీయించమంది. టీ ఫ్లాస్కు, టోపీ తనే తెచ్చుకుంటుందట.