పెట్టె కొన్నవాళ్లకే ఆ నంబరు

పొగ మానడానికి పట్టుదల ఉంటే చాలు, సిగరెట్ పెట్టె మీద సాయం నంబరు ఉంది కదా అని ఎవరో రాశారు. పెట్టె కొనేవాడికి సరే, 1800-11-2356 కనిపిస్తుంది. శ్రీకాకుళం తీరంలో మా అమ్మమ్మది అడ్డపొగ, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని పీలుస్తుంది. సంతలో విడి పొగాకు కొని తనే చుట్టుకునే చుట్టకి పెట్టెక్కడిది, నంబరెక్కడిది? ఉన్నా అమ్మమ్మకి చదవడం రాదు. ఫోనేమో మావయ్య జేబులో.

2022లో పొగాకు మానడానికి వాడే నికోటిన్ మందుల్ని జాతీయ అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చారు, సంతోషం. మా ఊరి ఆసుపత్రిలో అడిగితే టౌనుకెళ్లి కొనుక్కోమన్నారు. రానూపోనూ ఆటో, ఆ పూట కూలీ పాయె. పైగా అది చూయింగ్ గమ్మట, పళ్లూడిన మనిషి ఏం నములుతుంది? ఆ పొగకి అంగిలి తెల్లబారిందని మొదట చూసింది కూడా డాక్టరు కాదు, నేనే. అన్నం తినిపిస్తుంటే.