బొండానికి కుదురు లేదండీ

అమలాపురం చుట్టుపక్కల ఏ మేడెక్కి చూసినా కొబ్బరి తలలే. అయినా అక్కడ కొత్తగా తెరిచే బార్ అండ్ రెస్టారెంట్‌కి ‘ట్రాపికల్’ కళ రావాలంటే గుమ్మంలో ప్లాస్టిక్ కొబ్బరిచెట్టు ఉండాల్సిందే. మట్టలకు పచ్చ లైట్లు, మొదలు దగ్గర బస్తాడు ఇసుక. పక్కనే అసలు చెట్టుంటుంది గానీ, దాని కింద ‘బండ్లు పెట్టరాదు, కాయలు పడును’ అని బోర్డు.

మెనూలో మొదటి పేరు పినా కొలాడా. ప్యూర్టో రికో సరుకు. 1978లో ఆ దీవి దాన్ని తన అధికారిక పానీయం చేసుకుంది. తెల్ల రమ్ము 50 మిల్లీలీటర్లు, పైనాపిల్ రసం 50, కొబ్బరి క్రీము 30, ఐసు. చిక్కల్లా ఆ ముప్ఫై దగ్గరే. డబ్బా క్రీము ఖరీదెక్కువని వంటింట్లో చిక్కటి కొబ్బరిపాలు తీసి పోస్తారు. కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల దగ్గర పేరుకుంటుందని ధనుర్మాసంలో తలకి రాసుకోబోయిన ప్రతివాడికీ తెలుసు. ఐసు తగిలిన పాలదీ అదే గతి. పైన తెల్లటి పలుకులు తేలతాయి.

“పాలు విరిగినట్టున్నాయి బాబూ?”

“విరగలేదండి, పేరుకున్నాయండి, ఆయ్!”

గ్లాసులో ఇస్తే ఇంతటితో పోయేది. బొండాంలో ఇస్తారు. రోడ్డు పక్క బండివాడు కొట్టి చేతికిచ్చే బొండానికి నిలబడే పని లేదు. బల్ల మీద నిలవాలంటే అడుగు చెక్కాలి, విద్యంతా ఆ చెక్కుడులోనే ఉంది. పీచు వరకే చదునుగా తీస్తే నిలుస్తుంది. కత్తి ఇంకాస్త దిగిందా, లేత చిప్ప తెగి కిందనుంచి కారుతుంది. భయపడి పైపైన గీస్తే ఊగుతుంది. పైగా గాజు బల్ల, దాని మీద ఐసు చెమ్మ. నీళ్ల కుండకైనా చుట్టకుదురు వేసే ఊళ్లో ఈ బొండాం కింద ఓ టిష్యూ కాగితం! తడిగుడ్డ చుట్టచుట్టి పెడితే చచ్చినా కదలదు. అడిగితే తెస్తారు కూడా, ఒలికాక.

2022 జూలై 1 నుంచి ప్లాస్టిక్ స్ట్రాలు బందు కాబట్టి కాగితపు గొట్టం ఇస్తారు. కబుర్లలో పడ్డామా, అది మెత్తబడి లేత కొబ్బరికి అతుక్కుంటుంది. బుగ్గలు గుంటలు పడేలా పీల్చినా చుక్క రాదు. అప్పుడు చెయ్యి అలవాటు చొప్పున బొండాన్ని ఎత్తేస్తుంది. కాగితం గొడుగు ముక్కులోకి, పైనాపిల్ ముక్క జేబులోకి, మిగతాది మల్లెపూవులాంటి చొక్కా మీదికి.

బొండాం మరక వెంటనే కనపడదు. ఆరాక గోధుమరంగు తేలుతుంది, ఇక సబ్బుకి లొంగదు. పచ్చిగా ఉండగానే జాడించాలి. చెట్లనుంచి కాయలు దింపే రోజున పాత లుంగీ కట్టే రైతే ఇక్కడికి ఇస్త్రీ చొక్కాతో వస్తాడు మరి.

బిల్లు కట్టాక అసలు కోరిక బయటపడుతుంది. “లోపల లేత కొబ్బరుంది, ఓ దెబ్బేసి పట్రా బాబూ.” వంటింట్లో ఉన్నది పళ్లు కోసే చాకు. సర్వరు ఆ బొండాన్ని గొడుగుతో సహా పట్టుకుని, ప్లాస్టిక్ చెట్టు దాటి, రోడ్డవతలి బొండాల బండి దగ్గరికి పరిగెడతాడు.